పోచంపల్లి పేరుకు కాపలా ఎంత దూరం?

చౌటుప్పల్ వైపు హైవే పక్కన చీరల దుకాణాలకు కొదవ లేదు. అలాంటి ఒక కౌంటర్ మీద రెండు చీరలు పక్కపక్కన పరిచారనుకోండి. మొదటి చూపులో తేడా దొరకదు. రెండింటి మీదా అవే గడులు, అవే ఏనుగులు, అవే చిలుకలు. కొంగు పట్టుకుని వెనక్కి తిప్పినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. పోగులకు ముందే రంగు కట్టి మగ్గం మీద నేసిన ఇక్కత్‌కు ముందూ వెనకా అంటూ ఉండదు, రెండు వైపులా రంగు ఒకే తీరుగా ఉంటుంది. బొమ్మ అంచు గీత గీసినట్టు ఉండదు. పోగులకు కట్టిన కట్టు కిందికి రంగు కాస్త పాకి, ఈక అంచులా చెదిరి కనిపిస్తుంది. ప్రింటు చీరకు ముందువైపు గీతలన్నీ కత్తిరించినంత నీటుగా ఉంటాయి, వెనకవైపు మాత్రం రంగు వెలిసిపోయి ఉంటుంది.

ఆ ప్రింటు చీరను అమ్మడం చట్టప్రకారం తప్పా? అది చీర మీద అంటించిన చీటీని బట్టి ఉంటుంది. 'ఇక్కత్ ప్రింట్' అని రాసి అమ్మితే ఊరి పేర్లను కాపాడే జీఐ (భౌగోళిక గుర్తింపు) చట్టానికి అభ్యంతరం లేదు. ఉత్త 'పోచంపల్లి' అని రాస్తే నేరం. మరి 'పోచంపల్లి స్టైల్' అని రాస్తే? 'పోచంపల్లి డిజైన్, తయారీ ఫలానా ఊరు' అని నిజాయితీగా రాస్తే? ఈ చిన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం లేకపోవడానికి కారణం జెనీవాలో, 30 ఏళ్ల కింద కుదిరిన ఒక బేరంలో ఉంది. ఆ బేరం నల్గొండ, మహబూబ్‌నగర్ మగ్గాల మీద ఇప్పటికీ ప్రభావం చూపుతూనే ఉంది.

ఊరికీ వస్తువుకూ ముడి

ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)తో పాటే 1995 జనవరి 1న అమల్లోకి వచ్చిన ట్రిప్స్ ఒప్పందం మేధో సంపత్తి హక్కులన్నింటికీ కనీస ప్రమాణాలు పెట్టింది. పేటెంట్లు, కాపీరైట్లు, ట్రేడ్‌మార్కులతో పాటు భౌగోళిక గుర్తింపులు, అంటే మనం జీఐ ట్యాగ్ అని పిలిచేవి కూడా అందులో ఉన్నాయి. ఒక వస్తువు నాణ్యత గానీ, దానికున్న పేరు గానీ, మరేదైనా లక్షణం గానీ ప్రధానంగా అది పుట్టిన చోటు వల్లే వచ్చిందైతే, ఆ చోటును సూచించే గుర్తు భౌగోళిక గుర్తింపు అవుతుందని 22వ అధికరణం చెబుతుంది. ఆ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా చాలు. మట్టి, నీరు, వాతావరణం వల్లే గొప్పతనం వచ్చిందని రుజువు చేయాల్సిన పని లేదు. తరతరాల పనితనం వల్ల ఊరికి వచ్చిన పేరు కూడా లెక్కలోకి వస్తుంది. చేనేతకు ఈ ఒక్క మాటే ఆధారం.

పోచంపల్లి చీరకు వాడే పట్టు చాలావరకు కర్ణాటక నుంచి వస్తుంది. రంగులు కూడా ఊళ్లో తయారయ్యేవి కావు. ఇంకా వెనక్కి వెళితే, ఈ విద్యే 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో చీరాల వైపు నుంచి నల్గొండ పల్లెలకు వచ్చిందని చెబుతారు. 'ఇక్కత్' అన్న మాట మలయ్ భాషది, కట్టడం అని దాని అర్థం. మన నేతగాళ్ల నోట వినిపించిన పాత పేర్లు చిటికి, పగడు బందు. నూలు బయటిది, రంగు బయటిది, పేరులో సగం బయటిది అయినప్పుడు పోచంపల్లిది ఏమిటని ఎవరైనా అడగొచ్చు.

దానికి జవాబు పోగులు పోసే చట్రం, అంటే ఆసు దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు, వాటికి ఎదురుగా కేంద్రంలో ఒక మేకు. పోగును కేంద్రం నుంచి ఒక్కో మేకుకు తిప్పుతూ మళ్లీ వెనక్కి తేవాలి. ఇది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ల పని. ఒక చీరకు సరిపడా ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. భుజాలు పడిపోతాయి. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి కష్టం చూడలేక 1999 నాటికి లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆసు అయ్యాక పోగుల మీద డిజైన్ గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఆరాక కొన్ని కట్లు విప్పి, ఇంకొన్ని కట్టి, మళ్లీ ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. అంటే గుడ్డ పుట్టకముందే బొమ్మ పోగులోకి ఎక్కిపోతుంది. మగ్గం మీద నేసేవాడి పని ఆ బొమ్మను చెదరకుండా కూర్చడం. పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డం పోగులు) రెండూ ఇలాగే రంగు కట్టి నేసేది డబుల్ ఇక్కత్. అందులో పోగు ఒక్క పిసరు జరిగినా బొమ్మ పాడవుతుంది.

ఆసు, కట్టు, అద్దకం, నేత అన్నీ కొన్ని ఊళ్లలో, కొన్ని వందల ఇళ్లలో, చూసి చూసి నేర్చుకున్నవి. పుట్టపాక, కొయ్యలగూడెం, సిరిపురం, గట్టుప్పల్‌లో పిల్లలు నడక నేర్చేది ఈ పోగుల మధ్యే. భారత జీఐ చట్టం ఈ సంగతిని బాగానే పట్టుకుంది. తయారు చేసిన వస్తువులైతే ఉత్పత్తి, ప్రాసెసింగ్, తయారీలో ఏదో ఒక దశ ఆ ప్రాంతంలో జరిగితే చాలంటుంది. పట్టు ఎక్కడిదన్నది అప్పుడు అడ్డు కాదు. నూలు కట్ట ఎక్కడ ఆసుకు ఎక్కిందో, ఎక్కడ రంగులో మునిగిందో అదే లెక్క.

వైన్‌కు ఒక రూలు, బట్టకు ఒక రూలు

వస్తువు పుట్టిన ఊరి పేరును కాపాడాలన్న ఆలోచన ట్రిప్స్‌తో మొదలైంది కాదు. 1883 నాటి పారిస్ ఒప్పందం, 1891 నాటి మాడ్రిడ్ ఒప్పందం, 1958 నాటి లిస్బన్ ఒప్పందం దీన్ని తలో రకంగా ముట్టుకున్నాయి. అయితే వాటిలో కొన్నింటికి పళ్లు లేవు, కొన్నింటిలో చేరిన దేశాలు తక్కువ. ఉల్లంఘిస్తే డబ్ల్యూటీవో దగ్గర వివాదంగా నడిపించి, చివరికి వాణిజ్య పరమైన నష్టం కూడా కలిగించగల శక్తి ట్రిప్స్‌తోనే వచ్చింది.

అసలు చిక్కు 22, 23 అధికరణాల మధ్య తేడాలో ఉంది. 22వ అధికరణం అన్ని వస్తువులకూ వర్తిస్తుంది. కొనేవాళ్లను తప్పుదోవ పట్టించేలా ఊరి పేరు వాడితే, లేదా అది అన్యాయమైన పోటీ కిందికి వస్తే, అడ్డుకునే మార్గం సభ్యదేశాలు కల్పించాలి. ఇక్కడ షరతు 'తప్పుదోవ పట్టించేలా' అన్న మాట. అది నిరూపించాల్సిన భారం పేరు గలవాళ్ల మీదే పడుతుంది. చీటీ మీద తయారైన ఊరు సరిగ్గానే రాసి, పక్కన 'పోచంపల్లి తరహా' అని చేర్చితే, మేం ఎవర్నీ మోసం చేయలేదని వాదించే వీలు ఉంటుంది.

23వ అధికరణం వైన్లకు, మద్యాలకు మాత్రమే. అక్కడ తప్పుదోవ పట్టించారా లేదా అన్న ప్రశ్నే లేదు. సీసా మీద అసలు ఊరు రాసినా, పేరును అనువదించి వాడినా, 'రకం', 'తరహా', 'స్టైల్', 'నకలు' వంటి మాటలు తగిలించినా సరే, ఆ ప్రాంతంలో తయారు కాని వైన్‌కు ఆ పేరు వాడకూడదు. 'షాంపేన్ తరహా' అన్న మాట ఆ రూలు కింద నిలవదు. 'పోచంపల్లి తరహా' మాత్రం వాదించుకోవాల్సిన విషయంగా మిగిలిపోయింది. నాలుగు చేతులు మారి, వేలసార్లు చెయ్యి ఆడించి చేసిన చీరకు, సీసాలో పోసిన ద్రాక్ష రసానికి దక్కినంత రక్షణ దక్కలేదు.

ఇందులో న్యాయసూత్రం ఏదీ కనిపించదు. ట్రిప్స్‌కు దారితీసిన ఉరుగ్వే రౌండ్ వాణిజ్య చర్చల్లో యూరప్ దేశాలకు వైన్ వ్యాపారం ప్రాణప్రదం. దాన్ని కాపాడుకోవడానికి మిగతా చోట్ల ఇచ్చిపుచ్చుకున్నారు. ఆ సమయానికి భారత్‌లో జీఐ చట్టం లేదు, అడగాల్సిన పేర్ల జాబితా కూడా చేతిలో లేదు. అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదంటారు. వాణిజ్య చర్చల్లో అది అక్షరాలా నిజం.

ఆ తర్వాత భారత్ అడగడం మొదలుపెట్టింది. 23వ అధికరణం స్థాయి రక్షణను అన్ని వస్తువులకూ విస్తరించాలన్న డిమాండ్‌లో యూరప్, స్విట్జర్లాండ్, థాయిలాండ్, కెన్యా, శ్రీలంక తదితర దేశాలతో కలిసి నిలబడింది. అమెరికా, ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్, అర్జెంటీనా వంటి దేశాలు వ్యతిరేకించాయి. వాళ్ల వాదనకూ ఒక నేపథ్యం ఉంది. యూరప్ నుంచి వలస వెళ్లిన జనం చీజ్‌ల, వైన్ల పేర్లను కూడా వెంట తీసుకెళ్లారు. తాతల కాలం నుంచి వాడుతున్న పేర్లను ఇప్పుడు వదులుకోమంటే ఎలా అన్నది వాళ్ల మాట. 2001లో డబ్ల్యూటీవో దోహా ప్రకటన ఈ అంశాన్ని చర్చకు పెట్టింది. 2008లో వందకు పైగా సభ్యదేశాలు విస్తరణకు అనుకూలమైన ప్రతిపాదన వెనక నిలిచాయి. దోహా చర్చలే ఆగిపోవడంతో అదీ ఆగిపోయింది.

బాలానగర్ సీతాఫలం చెప్పే పాఠం

24వ అధికరణంలో మినహాయింపులున్నాయి. ఒక దేశంలో ఒక పేరు ఆ వస్తువుకు మామూలు వాడుక పేరుగా మారిపోయి ఉంటే, ఆ దేశం దాన్ని కాపాడాల్సిన పని లేదు. పార్మీజన్ అంటే యూరప్ చట్టంలో ఇటలీలోని ఒక ప్రాంతపు చీజ్‌కు ముడిపడిన పేరు. అమెరికాలో అది ఎవరైనా చేసుకోదగిన ఒక రకం చీజ్. గ్రీసు వాళ్ల ఫెటా చీజ్‌కు 2002లో యూరప్ రక్షణ వచ్చింది. డెన్మార్క్, జర్మనీ అది ఎప్పుడో సాధారణ పేరైపోయిందని కోర్టుకెక్కాయి, 2005లో ఓడిపోయాయి.

దీన్ని అర్థం చేసుకోవడానికి యూరప్ దాకా పోనక్కర్లేదు. మహబూబ్‌నగర్ జిల్లాలో బాలానగర్ ఉంది. అక్కడి సీతాఫలం ఎంత పేరు తెచ్చుకుందంటే, 'బాలానగర్' అన్నది దేశంలో సీతాఫలంలో ఒక రకం పేరైపోయింది. మహారాష్ట్రలో తోట వేసే రైతు నర్సరీకి వెళ్లి బాలానగర్ మొక్కలు ఇమ్మని అడుగుతాడు. అతను అబద్ధం ఆడుతున్నట్టు కాదు, ఎవర్నీ మోసం చేస్తున్నట్టూ కాదు. వ్యవసాయ శాస్త్రవేత్తలు రకాల జాబితాలో రాసే పేరే అది. ఊరి పేరు అలా అంటు మొక్కతో పాటు వెళ్లిపోయింది. దారి తప్పిన పేరును మళ్లీ ఊరికి తెచ్చి కట్టేయడం చాలా కష్టం. వాడుక పేరుగా మారినవాటిని జీఐగా నమోదు చేయకూడదని మన చట్టంలోని 9వ సెక్షన్ కూడా చెబుతుంది. పండు ఆ గుట్టల మీదే కాసి, ఆ రుచి వేరుగా ఉన్నా, పేరు ఒకసారి అందరి సొత్తు అయ్యాక వాదన బలహీనపడుతుంది.

పోచంపల్లికి రాబోయే ప్రమాదం కూడా ఇదే. బజారులో జనం ఇక్కత్ డిజైన్ ఉన్న ప్రతి బట్టనూ, దుప్పటి అయినా కుర్తా అయినా, 'పోచంపల్లి' అనే పిలవడం మొదలుపెట్టారు. వినడానికి అది గర్వంగానే ఉంటుంది. నిజానికి పేరు అరిగిపోయేది అలాగే. ఒకటి మాత్రం ఊరట. మన చట్టం ప్రకారం ఒకసారి నమోదయ్యాక, నమోదు బతికున్నంతకాలం మన దేశంలో అది రక్షిత పేరే. విదేశాల్లో ఆ భరోసా లేదు.

ఇంట్లో కాపలా

1997లో అమెరికాలోని టెక్సాస్‌కు చెందిన రైస్‌టెక్ కంపెనీకి బాస్మతి వరి రకాల మీద పేటెంట్ వచ్చింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. అప్పుడు బయటపడిన నిజం చేదుగా ఉంది. సొంత దేశంలో రక్షణ లేని పేరును వేరే దేశాలు కాపాడాల్సిన బాధ్యత లేదని ట్రిప్స్ 24వ అధికరణమే చెబుతోంది. బాస్మతికి మన దగ్గరే కాగితం లేదు. ఆ గొడవ ఇచ్చిన ఊపుతో 1999లో పార్లమెంటు జీఐ చట్టం చేసింది, 2003 సెప్టెంబర్ 15న అది అమల్లోకి వచ్చింది. రిజిస్ట్రీ చెన్నైలో పెట్టారు. 2004-05లో దేశం మొత్తం మీద నమోదైన వస్తువులు మూడే. దార్జిలింగ్ టీ, కేరళలోని ఆరన్ముల అద్దం, అప్పటి నల్గొండ జిల్లాలోని పోచంపల్లి ఇక్కత్. చేనేత వస్త్రాల్లో మొదటిది మనదే. గద్వాల, నారాయణపేట చీరలు ఆ తర్వాత వచ్చాయి. 2020లో పుట్టపాక తేలియా రుమాలు, 2022లో తాండూరు కంది చేరాయి. తాండూరు కందికి దరఖాస్తు పెట్టింది రైతు ఉత్పత్తిదారుల సంస్థ కావడం గమనించాల్సిన సంగతి. జీఐ ఏ ఒక్క మనిషికీ, కంపెనీకీ సొంతం కాదు. ఉత్పత్తిదారుల సంఘం, లేదా వాళ్ల తరఫున నిలిచే సంస్థ మాత్రమే అడగగలవు. దాన్ని అమ్మడానికి లేదు, తాకట్టు పెట్టడానికి లేదు, లైసెన్సుకు ఇవ్వడానికీ లేదు.

చట్టం చేతిలో ఆయుధాలు తక్కువేం కాదు. తప్పుడు జీఐ వాడితే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. డీఎస్పీ స్థాయి పోలీసు అధికారి, రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకుని, వారంట్ లేకుండానే సోదా చేసి సరుకు పట్టుకోవచ్చు. 2007 నాటి కస్టమ్స్ నియమాల కింద దిగుమతి అవుతున్న నకిలీ సరుకును రేవులోనే ఆపొచ్చు. వీటన్నింటికీ ముందు ఎవరో ఒకరు ఫిర్యాదు పట్టుకుని వెళ్లాలి. మగ్గం దిగితే ఆ రోజు కూలి పోయే మనిషి ఎవరో దూరపు నగరంలోని గోదాముల మీద కేసు నడిపించలేడు. అది సంఘం పని. సంఘానికి డబ్బు, వకీలు, పట్టుదల మూడూ కావాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రిజిస్టర్‌లో రెండు భాగాలుంటాయి. మొదటి భాగంలో వస్తువు, దాని యజమాని సంఘం ఉంటాయి. రెండో భాగంలో 'అధీకృత వినియోగదారులు', అంటే ఆ పేరు వాడుకునే హక్కు నమోదు చేసుకున్న నేతగాళ్లు, ఉత్పత్తిదారులు ఉంటారు. ఊళ్లో పుట్టి, ఊళ్లో నేసి, ముప్ఫై ఏళ్లు చేసినా రెండో భాగంలో పేరు ఎక్కకపోతే కాగితం మీద ఆ హక్కు లేనట్టే. ఇది ఎంత విడ్డూరమో చూడండి. పేరు తెచ్చిపెట్టిన చేతులే పేరు వాడుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తు ఫీజు మొదట 500 రూపాయలు, 2020లో దాన్ని 10 రూపాయలకు దించారు. డబ్బు ఇప్పుడు అడ్డు కాదు. ఫారం నింపించి, ఆధారాలు జతచేసి చెన్నైకి పంపించే మనిషే అడ్డు. ప్రతి చేనేత సంఘంలో ఒక్క చదువుకున్న కుర్రాడు వారం రోజులు ఇంటింటికీ తిరిగితే ఊరంతా రెండో భాగంలోకి వచ్చేస్తుంది. నమోదు పదేళ్లకోసారి పునరుద్ధరించాలి. మరిచిపోతే పేరు రిజిస్టర్ నుంచి తొలగిపోయే ప్రమాదం ఉంది.

కంచే చేను మేసిన సందర్భాలు కూడా ఉంటాయి. గద్వాల చీరకు ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెండింటినీ కుట్టరు. మగ్గం మీదే పేకతో పేకను మెలివేసి కలుపుతారు, దాన్నే కుప్పడం అంటారు. ఆ అతుకు దగ్గర వేలు పెట్టి తడిమితే మెలిక తగులుతుంది. గద్వాల ఊళ్లోనే పవర్‌లూమ్ మీద నేసి 'గద్వాల చీర' అని అమ్మితే? ఊరు నిజమే, చీర నిజం కాదు. జీఐ అంటే ఊరు ఒక్కటే అనుకోవడం పొరపాటు. దరఖాస్తులో రాసిన తయారీ పద్ధతి కూడా నమోదులో భాగమే. ఆ పద్ధతి పాటించకపోతే గద్వాల నడిబొడ్డున నేసినా ఆ పేరుకు అర్హత లేదు. అందుకే తనిఖీ ఏర్పాటు ఎలా ఉంటుందో దరఖాస్తులోనే చెప్పాలని నియమాలు అడుగుతాయి. ఇచ్చిన మాట కాగితం మీదే ఉండిపోతే నకిలీ బయటి నుంచి రానక్కర్లేదు.

మరి 'పోచంపల్లి స్టైల్' అన్న చీటీ సంగతి? మన చట్టంలోని 22వ సెక్షన్ మొదటి భాగం ట్రిప్స్ 22వ అధికరణం బాటలోనే 'తప్పుదోవ పట్టించేలా' అంటుంది. కానీ అదే సెక్షన్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించి ఏ వస్తువుకైనా అదనపు రక్షణ ఇవ్వొచ్చు. అప్పుడు 'స్టైల్', 'తరహా', 'నకలు' అన్న ముసుగులేవీ పనిచేయవు. ట్రిప్స్ పెట్టింది కనీస ప్రమాణమే, అంతకు మించి రక్షణ ఇచ్చుకోవడానికి ఏ దేశానికీ అడ్డు లేదు. జెనీవాలో వైన్‌తో సమానత్వం కోసం 20 ఏళ్లుగా వాదిస్తున్న దేశం, సొంత గడ్డ మీద చేనేతకు ఆ స్థాయి రక్షణ ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చేనేత సంఘాలు ప్రజాప్రతినిధులను గట్టిగా నిలదీసి అడగాల్సిన కోరిక ఇదే.

ఒక హద్దు కూడా గుర్తుంచుకోవాలి. జీఐ వస్తువుకే వర్తిస్తుంది. కోల్‌కతాలో ఒక పెద్ద హోటల్ తన లాంజ్‌కు దార్జిలింగ్ పేరు పెట్టుకుంటే టీ బోర్డు కోర్టుకు వెళ్లింది. 2019లో కలకత్తా హైకోర్టు ఆ దావాను కొట్టేసింది. డిజైన్‌కూ జీఐకీ కూడా ఇలాగే సంబంధం లేదు. బొమ్మను ప్రింటు కొట్టి ఊరి పేరు ఎత్తకుండా అమ్మితే జీఐ చట్టం చూస్తూ ఉండిపోతుంది. అది కాపాడేది పేరునే, పనితనాన్ని కాదు. పేరు కాపలా ఒక్క పిసరు కూడా సడలకూడదనడానికి కారణం ఇదే, పనివాడి చేతిలో ఉన్న కవచం ఆ ఒక్కటే.

సముద్రం దాటాక

చెన్నైలో ఇచ్చిన సర్టిఫికెట్ చెల్లేది భారతదేశంలోనే. ప్రతి దేశంలోనూ అక్కడి పద్ధతిలో విడిగా నమోదు చేసుకోవాలి. అమెరికాలో జీఐకి ప్రత్యేక చట్టం లేదు, సర్టిఫికేషన్ మార్కు అనే ట్రేడ్‌మార్కు దారిలో వెళ్లాలి. లిస్బన్ ఒప్పందాన్ని విస్తరించిన 2015 నాటి జెనీవా ఒడంబడికలో చేరిన దేశాలకు ఒకే దరఖాస్తుతో చాలా చోట్ల రక్షణ దొరుకుతుంది. భారత్ అందులో లేదు.

యూరప్ తలుపు తెరుచుకున్న తీరు మాత్రం ఆసక్తికరం. ఒకప్పుడు యూరప్ బయటి దేశాల జీఐలను నమోదు చేయాలంటే, ఆ దేశం కూడా యూరప్ జీఐలకు అదే స్థాయి రక్షణ ఇవ్వాలని షరతు పెట్టింది. అమెరికా, ఆస్ట్రేలియా దీని మీద డబ్ల్యూటీవోకు వెళ్లాయి. సొంతవాళ్లకు ఇచ్చే హక్కు బయటివాళ్లకూ అదే షరతులతో ఇవ్వాలన్న మౌలిక సూత్రానికి ఇది విరుద్ధమని 2005లో ప్యానెల్ తీర్పు చెప్పింది. యూరప్ 2006లో చట్టం మార్చి, బయటి ఉత్పత్తిదారులు నేరుగా దరఖాస్తు పెట్టుకునే వీలు కల్పించింది. ఆ దారిలోనే 2011లో దార్జిలింగ్ టీ యూరప్‌లో నమోదైంది. జీఐల విస్తరణను అడ్డుకుంటున్న దేశాలే గెలిచిన కేసు మన టీ తోటలకు దారి వేసింది.

చీరకు మాత్రం ఆ తలుపు అప్పుడు తెరుచుకోలేదు. యూరప్ స్థాయిలో రక్షణ ఆహార, వ్యవసాయ ఉత్పత్తులకు, వైన్లకు, మద్యాలకే ఉండేది. హస్తకళలకు, పారిశ్రామిక వస్తువులకు లేదు. కాశ్మీర్ పష్మీనా అయినా, పోచంపల్లి పట్టు అయినా దరఖాస్తు పెట్టడానికి కౌంటరే లేదు. 2023 అక్టోబర్‌లో యూరోపియన్ యూనియన్ హస్తకళలు, పారిశ్రామిక ఉత్పత్తుల జీఐల కోసం కొత్త చట్టం తెచ్చింది. అది 2025 డిసెంబర్ 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. స్పెయిన్‌లోని అలికాంటేలో ఉన్న యూరప్ మేధో సంపత్తి కార్యాలయం దీన్ని చూస్తుంది. బయటి దేశాల ఉత్పత్తిదారుల సంఘాలు కూడా అక్కడ దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంట్లో రక్షణ ఉందని రుజువు చూపాలి. ఒకసారి నమోదైతే 'స్టైల్', 'తరహా' అని తగిలించినా యూరప్ బజారులో ఆ పేరు వాడటం కుదరదు. ఇంటర్నెట్ అమ్మకాలకూ అది వర్తిస్తుంది. జెనీవాలో 20 ఏళ్లుగా దొరకనిది అలికాంటేలో దొరుకుతోంది. 2022లో యూరప్‌తో భారత్ మళ్లీ మొదలుపెట్టిన వాణిజ్య చర్చల్లో జీఐల ఒప్పందాన్ని విడిగా చేపట్టారు. అయినా అలికాంటే దారికి ఆ ఒప్పందంతో పని లేదు.

తేలియా రుమాలు విషయంలో ఇది ఇంకా అవసరం. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసికి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో నేసే ఈ రుమాలు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్ దేశాలకు వెళ్లేది. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది కూడా ఈ నేత వల్లే. ముట్టుకుంటే మెత్తగా, చల్లగా, కాస్త నూనె వాసనతో ఉంటుంది. ఆ వాసనను ఏ ప్రింటు మిషనూ తేలేదు.

అలికాంటేకు వెళ్లే దరఖాస్తులో వస్తువు వర్ణన, తయారయ్యే ప్రాంతపు మ్యాపు, తయారీ పద్ధతి, వాటితో పాటు ఊరికీ వస్తువుకూ ఉన్న సంబంధం వివరించే భాగం ఉండాలి. చివరి భాగమే అన్నింటికన్నా కష్టం, అధికారులు ప్రశ్నలు వేసేదీ దాని మీదే. 2004లో మ్యాపు మీద నల్గొండ ఒకే జిల్లా. 2016లో పోచంపల్లి, పుట్టపాక యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లాయి, గట్టుప్పల్ నల్గొండలోనే ఉంది. కాబట్టి ఊళ్ల పేర్లు, మండలాలు కొత్తగా సరిచూసుకోవాలి. ఇక ఆ సంబంధం గురించిన పేరా రాయడానికి కన్సల్టెంట్‌ను పెట్టుకున్నా, రాసే ముందు అతన్ని ఒక రోజు పుట్టపాకలో ఆసు పోస్తున్న అమ్మ పక్కన కూర్చోబెట్టాలి. ఎన్నో మేకు దగ్గర ఆమె చెయ్యి తిరుగుతుందో, ఏ గుర్తు దగ్గర కట్టు పడుతుందో ఆమె చెబుతుంటే రాసుకోవాలి. ఆ అమ్మ పేరు రెండో భాగంలో ఉందో లేదో కూడా అదే రోజు చూసి రావొచ్చు.